లైపోసక్షన్: ఆపరేషన్ థియేటర్ నుంచి క్లినిక్ గదికి

లైపోసక్షన్, అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగి తీసే సర్జరీ, వికటించిందని వార్త వచ్చిన ప్రతిసారీ మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది నటి ఆర్తీ అగర్వాల్. 2015 జూన్ 6న న్యూజెర్సీలో చనిపోయేనాటికి ఆమెకు 31 ఏళ్లు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి, గుండె ఆగిపోవడం వల్ల పోయారని కూడా రాశాయి, ఆ రెంటికీ సంబంధం ఎంతుందో తేలకుండానే 'ఆమెకేం అవసరమొచ్చింది' అని జనం తీర్పు చెప్పేశారు. ఆ ప్రశ్న నిజానికి అడగాల్సింది క్లినిక్‌లో, సర్జరీకి ముందు. అక్కడ అడిగేవాళ్లు ఎందుకు లేకుండా పోయారు?

రోమ్‌లో ఫిషర్లు, పారిస్‌లో ఇలూజ్ అనే డాక్టర్లు 1970ల్లో కొవ్వు లాగి తీయడంపై చేసిన ప్రయోగాల గురించి చాలాచోట్ల చదివే ఉంటారు. నా లెక్కలో అసలు మలుపు 1987. కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ ఆ ఏడాది ఒక పద్ధతి ప్రచురించాడు: మొద్దుబార్చే మందు లిగ్నోకైన్, రక్తనాళాలను ముడిచే ఎడ్రినలిన్ కొద్దికొద్దిగా కలిపిన సెలైన్‌ను (ఉప్పునీటిని) కొవ్వులోకి బాగా ఎక్కిస్తే ఆ భాగం మొద్దుబారుతుంది, రక్తనాళాలు ముడుచుకుని రక్తం పెద్దగా పోదు, పూర్తి మత్తు అక్కర్లేదు. మంచి పద్ధతే, కాదనను. కానీ పూర్తి మత్తు అక్కర్లేదంటే పెద్ద థియేటర్ అక్కర్లేదు, పక్కన మత్తు డాక్టరూ అక్కర్లేదు అనుకున్నవాళ్లు బయల్దేరారు. మనిషికి ఇది తగునా అని చూడాల్సినవాళ్లే ప్యాకేజీ అమ్మేవాళ్లయ్యారు.

1990ల కేసులపై అమెరికా ప్లాస్టిక్ సర్జన్లనే అడిగి వేసిన లెక్క 2000లో బయటికొచ్చింది. సుమారు 5,000 మందిలో ఒకరు చనిపోయారని తేలింది. అన్నిటికంటే ఎక్కువగా ప్రాణం తీసింది ఊపిరితిత్తుల్లోకి చేరిన రక్తపు గడ్డ. 2022 మేలో బెంగళూరులో 21 ఏళ్ల కన్నడ నటి చేతనా రాజ్ కొవ్వు తీయించుకున్న రోజే చనిపోయింది. అమ్మానాన్నలకు చెప్పకుండా వెళ్లింది, సరైన ఐసీయూ కూడా లేనిచోట చేశారని వాళ్లు ఆరోపించారు. ఏ సర్జరీలోనైనా రిస్క్ ఉంటుంది, సంతకం తీసుకున్నాం కదా అంటాయి క్లినిక్‌లు.

బరువు తగ్గడానికే అయితే ఇది అసలు దారి కాదు. 2004లో 15 మంది స్థూలకాయ స్త్రీలకు తలా సుమారు 10 కిలోల కొవ్వు తీసి మూడు నెలలకు చూస్తే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ ఏవీ చెప్పుకోదగ్గట్టు మారలేదు. డైట్, వ్యాయామాలకు లొంగని ఒకటి రెండు చోట్ల, బరువు నిలకడగా ఉన్నవాళ్లకు ఒంటి ఆకారం దిద్దే పని ఇది. ఒక్కసారికి బయటికి తీసింది 5 లీటర్లు దాటితే ఒక రాత్రైనా ఆస్పత్రిలో ఉంచి కనిపెట్టుకోవాలి.

మా వదిన మొన్న హైదరాబాద్‌లో ఒకచోటికి వెళ్తే బీపీ చూడకముందే ఈఎంఐ గురించి చెప్పారట. మత్తు డాక్టర్ ఎవరండీ అని అడిగితే 'లోకల్ మత్తే కదా మేడమ్, ఆయనెందుకు' అన్నారట. కట్టిన అడ్వాన్స్ ఇంకా వెనక్కి రాలేదు.