ఇంగ్లండ్ కేర్‌హోమ్ జట్టులోకి ఇన్ని దేశాలవాళ్లు ఎలా వచ్చారు

వృద్ధులను చూసుకునే ఇంగ్లండ్ కేర్‌హోమ్‌లలో రాత్రి డ్యూటీ ఫిలిప్పీన్స్ నర్సు అప్పగిస్తే కేరళ నర్సు అందుకోవడం మామూలే. స్నానం, భోజనం వంటి రోజువారీ పనుల్లో సాయపడే కేరర్లలో నైజీరియా, జింబాబ్వే, పోలండ్ వాళ్లుంటారు. మాస్టర్స్ చదవడానికి హైదరాబాదు, గుంటూరు నుంచి వెళ్లి వారానికి 20 గంటలు పనిచేసుకునే మన పిల్లలూ ఉంటారు. జట్టులో పొరపొచ్చాలొస్తే సంస్కృతుల తేడా అని తేల్చేస్తారు. చాలాచోట్ల అసలు తేడా వేరు: ఎవరు ఏ చట్టం కింద, ఏ హోదాలో వచ్చారన్నది.

ఈ కథ 1948లో మొదలవుతుంది. జూన్ 22న కరీబియన్ దీవుల వలసదారులు విండ్‌రష్ ఓడ నుంచి టిల్బరీ రేవులో దిగారు. జూలై 5న ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ ప్రారంభమైంది. వృద్ధులకు వసతి చూపే బాధ్యతను స్థానిక కౌన్సిళ్లకు అప్పగించిన చట్టం కూడా ఆ రోజే అమల్లోకి వచ్చింది. కరీబియన్ నుంచి నర్సింగ్ నేర్చుకోవడానికి వచ్చిన చాలామంది అమ్మాయిలను మూడేళ్ల రిజిస్టర్డ్ నర్సు కోర్సులో కాకుండా రెండేళ్ల ఎన్‌రోల్డ్ నర్సు కోర్సులో చేర్చారు. తేడా ఏమిటో ముందు చెప్పలేదు. ఆ చదువుతో పైమెట్టు ఎక్కడం కష్టం, సొంత దేశంలో దానికి గుర్తింపూ లేదు. ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించే చట్టం 1968లోగానీ రాలేదు. నల్లజాతి నర్సులు కింది మెట్టుమీదే ఉండిపోయే అలవాటు అప్పటికే పాతుకుపోయింది.

1980ల్లో సంక్షేమ నిధుల డబ్బు ప్రైవేటు హోమ్‌లకు ప్రవహించి, అవి విపరీతంగా పెరిగాయి. 1993 ఏప్రిల్ నుంచి ఆ డబ్బు కౌన్సిళ్ల చేతికి వెళ్లింది. కౌన్సిల్ ఇచ్చే రేటు బిగుసుకున్నకొద్దీ జీతాలూ బిగుసుకున్నాయి. స్థానికులు వదిలేసిన షిఫ్టులను 2004 మేలో తమ దేశాలు యూరోపియన్ యూనియన్‌లో చేరాక తూర్పు యూరప్‌వాళ్లు నింపారు. బ్రెగ్జిట్ వల్ల 2020 డిసెంబరు 31తో ఆ దారి మూసుకుపోయింది. ఖాళీలు పెరిగిపోవడంతో 2022 ఫిబ్రవరిలో కేరర్లకూ వీసా తలుపు తెరిచారు. ఆఫ్రికా, భారత్‌ల నుంచి వేలమంది వచ్చింది అలాగే.

ఆ వీసా యజమానికి ముడిపడి ఉంటుంది. స్పాన్సర్, అంటే వీసాకు పూచీపడిన యజమాని, పోతే కొత్తవాళ్లను వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే గడువు. పని దెబ్బతినేది ఇక్కడే. హాయిస్ట్ అనే ఎత్తే యంత్రంతో మనిషిని లేపడానికి మామూలుగా ఇద్దరు కావాలి: ఒకరు స్లింగ్ (మనిషిని మోసే పట్టీ), కాళ్లు చూసుకుంటే ఇంకొకరు మెషీన్ నడుపుతారు. రాత్రి ఒక్కరే మిగిలినప్పుడు "ఇది కుదరదు" అని స్థానిక కేరర్ అనగలరు, వీసా మీదున్నవారు తటపటాయిస్తారు. దాన్ని వినయం అనుకునే మేనేజర్ అసలు ప్రమాదాన్ని చూడలేకపోతున్నట్టే.

భాష సంగతీ అంతే. నర్సుకు ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 7 కావాలి (రాతలో 6.5 చాలు), కేరర్ వీసా బీ1 అనే మధ్యస్థ స్థాయితో మొదలైంది. ఉత్తర ఇంగ్లండ్‌లో "టీ" అంటే సాయంత్రం భోజనం. "పెన్నీ ఖర్చుపెట్టాలి" అని పెద్దామె అంటే బాత్రూమ్‌కి వెళ్లాలని. అది అర్థంకాక ఆలస్యమైతే ఆమె తనంతట తానే లేచి పడిపోతుంది. మింగడం కష్టమైనవారికి ఇచ్చే చిక్కటి ద్రవాలకు పాత "స్టేజ్" లెక్కలు పోయి 2019 నుంచి 0–4 లెవెల్స్ వచ్చాయి. పాత స్టేజ్ 1 అంటే ఇప్పుడు లెవెల్ 2. హ్యాండోవర్‌లో (డ్యూటీ అప్పగింతలో) అంకె ఒక్కటే చెబితే టీ పలచనై ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే అంకెతో పాటు ఆ చిక్కదనం పేరు చెప్పాలి, విన్నవారు తిరిగి చెప్పాలి. చర్మం కమిలిందా అని చూసేటప్పుడూ జాగ్రత్త: నల్లటి ఒంటిమీద ఎరుపు కనబడదు, వేడి, గట్టిదనం, నొప్పి తడిమి తెలుసుకోవాలి.

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవారు రంగును పట్టి తిడితే ఆ కేరర్‌ను చడీచప్పుడు లేకుండా వేరే గదికి మార్చడం తేలికైన దారి, కానీ తప్పు. సంఘటనను రాసిపెట్టాలి. ఆ చిరాకు వెనుక నొప్పి, మూత్ర ఇన్‌ఫెక్షన్, వినికిడి సమస్య ఉన్నాయేమో చూడాలి. తెలిసి అనేవారికి మేనేజరే స్పష్టంగా చెప్పాలి, ఆ భారం తిట్లు తిన్నవారి మీద వేయకూడదు.

2024 మార్చి 11 నుంచి కేరర్లు కుటుంబాన్ని తెచ్చుకోవడం ఆగింది. 2025 జూలై 22న విదేశాల నుంచి కొత్త కేరర్ల నియామకమే మూసేశారు. బ్రిటన్‌లో వేరే వీసా మీదున్నవారు మాత్రం 2028 జూలై దాకా మారవచ్చు, అయితే స్పాన్సర్ చేసే యజమాని దగ్గర అప్పటికే కనీసం 3 నెలలు పనిచేసి ఉండాలి. రాత్రి హాయిస్ట్ దగ్గర ఒక్కరే మిగిలిన విద్యార్థి నోరు విప్పాలా వద్దా అని లెక్క వేసుకునేది ఆ 3 నెలల్లోనే.