ప్రధాని కార్యాలయంపై నిఘా: లోక్‌పాల్ చట్టం ఎందుకింత ఆలస్యమైంది?

మొరార్జీ దేశాయ్ నేతృత్వంలోని పరిపాలనా సంస్కరణల సంఘం 1966లో ఇచ్చిన మధ్యంతర నివేదికలో, మంత్రులపై వచ్చే ఫిర్యాదులను విచారించేందుకు లోక్‌పాల్ అనే స్వతంత్ర సంస్థ ఉండాలని సిఫార్సు చేసింది. 1968లో బిల్లు వచ్చింది. మరుసటి ఏడాది లోక్‌సభ ఆమోదించినా, రాజ్యసభ గడప దాటకముందే లోక్‌సభ రద్దయి బిల్లు మురిగిపోయింది. ఆ తర్వాత 1971, 1977, 1985, 1989, 1996, 1998, 2001... పెట్టడమే తప్ప ఒక్కటీ చట్టం కాలేదు.

తప్పంతా సభల రద్దుదే అనలేం. 1971లో ఇందిరా గాంధీకి, 1985లో రాజీవ్ గాంధీకి తిరుగులేని మెజారిటీ ఉంది. 1985 బిల్లు ప్రధానిని పరిధిలోకే తేలేదు, పైగా ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకుంది. 1989లో వి.పి. సింగ్ ప్రభుత్వం ప్రధానినీ చేర్చింది కానీ, ఆ ప్రభుత్వమే నిలవలేదు.

2011లో సామాజిక కార్యకర్త అన్నా హజారే లోక్‌పాల్ కోసం చేసిన దీక్షతో విషయం వీధుల్లోకి వచ్చింది. అయినా ఆ ఆగస్టులో కేంద్రం పెట్టిన బిల్లులో ప్రధానిపై విచారణ ఆయన పదవి దిగాకే. జనాగ్రహం చూసి డిసెంబరులో పదవిలో ఉన్న ప్రధానినీ చేర్చారు. రెండేళ్ల తర్వాత, 2013 డిసెంబరులో, ఉభయ సభలూ ఆమోదించాయి. 2014 జనవరిలో చట్టం అమల్లోకి వచ్చింది.

అక్కడితో అయిపోలేదు. లోక్‌పాల్‌ను ఎంపిక చేసే సంఘానికి అధ్యక్షుడు ప్రధానే, లోక్‌సభ ప్రతిపక్ష నేత అందులో సభ్యుడు. 2014 ఎన్నికల తర్వాత లోక్‌సభలో గుర్తింపు పొందిన ప్రతిపక్ష నేత లేరన్న కారణంతో నియామకం ఆగింది. అది సాకు కారాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. చివరికి 2019 మార్చిలో, సార్వత్రిక ఎన్నికల ముంగిట, జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ లోక్‌పాల్ తొలి అధ్యక్షుడయ్యారు. 2022 మేలో ఆయన పదవీకాలం ముగిశాక దాదాపు రెండేళ్లు పూర్తిస్థాయి అధ్యక్షుడే లేరు.

ఇక అసలు చూడాల్సింది 14వ సెక్షన్. అంతర్జాతీయ సంబంధాలు, దేశ భద్రత, శాంతిభద్రతలు, అణుశక్తి, అంతరిక్షం... వీటికి సంబంధించిన ఆరోపణలైతే ప్రధానిపై విచారణ కుదరదు. మిగతా వాటికైనా పూర్తి ధర్మాసనం కూర్చుని, మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. అంటే అధ్యక్షుడు, ఎనిమిది మంది సభ్యులూ ఉన్నప్పుడు కనీసం ఆరుగురు. విచారణ రహస్యంగానే జరగాలి. ఫిర్యాదును కొట్టేస్తే రికార్డులు ప్రచురించకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు.

అణుశక్తికి గోప్యత అవసరమే, రాజకీయ కక్షతో పెట్టే ఫిర్యాదుల నుంచి ప్రధానికి రక్షణా అవసరమే. ఆరుగురి ఆమోదం అందుకు సరిపోతుంది. కొట్టేసిన ఫిర్యాదు రికార్డులకు శాశ్వతంగా తాళం వేయడం మాత్రం ఏ విధంగానూ సమర్థించలేనిది. విచారణ నిజాయితీగా జరిగిందని నిరూపించుకునే అవకాశాన్ని ఆ నిబంధన లోక్‌పాల్‌కే లేకుండా చేస్తోంది. భద్రతా వివరాలు తీసేసి, కొట్టేయడానికి కారణాలనైనా బయటపెట్టేలా సెక్షన్‌ను సవరించాలి.