లినక్స్ అడ్మిన్ మెటీరియల్: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్ళి పీజీల నుంచి వారానికి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేస్తారు. ఎక్కువగా మన కడప, అనంతపురం పిల్లలే. "అన్నా, లినక్స్ అడ్మిన్‌కి (లినక్స్ సర్వర్లు చూసుకునే ఉద్యోగానికి) మంచి మెటీరియల్ ఉంటే పంపవా?"

అపోహ: మంచి మెటీరియల్ డబ్బు కడితేనే దొరుకుతుంది.

ఈ మాట నమ్మే చాలామంది నష్టపోతున్నారు. మొన్న ఆదివారం ఒక తమ్ముడు స్పైరల్ బైండింగ్ నోట్స్ తెచ్చాడు. జిరాక్స్ మీద జిరాక్స్ తీసి అక్షరాలు అలుక్కుపోయాయి. తెరిస్తే సర్వీసులన్నీ (వెనకాల నడిచే ప్రోగ్రాములు) చెక్‌కాన్ఫిగ్ అనే పాత కమాండ్‌తోనే! కంపెనీలు వాడే రెడ్ హ్యాట్ లినక్స్ 2014లో వెర్షన్ 7తోనే, సర్వీసులు నడపడానికి సిస్టమ్‌డీ అనే కొత్త పద్ధతికి మారిపోయింది. ల్యాబ్ చేయించింది రెడ్ హ్యాట్‌కి ఉచిత రూపమైన సెంటోస్ 7 మీద, దానికి 2024 జూన్ 30తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ ఫీజు వాళ్ల నాన్న అప్పు తెచ్చి కట్టింది.

వాస్తవం: మీ మెషిన్‌లో ఉన్న వెర్షన్‌కి సరిపోయే పుస్తకం ఆ మెషిన్‌లోనే ఉంది. మ్యాన్ పేజీలు, అంటే 'మ్యాన్' అని కొడితే తెరుచుకునే మాన్యువల్. ఉదాహరణకి క్రాన్‌ట్యాబ్, ఏ పని ఎప్పుడు దానంతటదే నడవాలో రాసే పట్టిక. 'మ్యాన్ క్రాన్‌ట్యాబ్' కొట్టి, టైమ్ చెప్పే ఐదు నక్షత్రాల (* * * * *) సంగతి కనపడక మూసేస్తారు. 'మ్యాన్ 5 క్రాన్‌ట్యాబ్' కొట్టండి. 5వ సెక్షన్ ఫైల్ ఫార్మాట్లది, 8వది అడ్మిన్ కమాండ్లది.

నా మొదటి ఉద్యోగంలో, నెలలో మొదటి ఆదివారం సర్వర్ రీస్టార్ట్ పెట్టమన్నారు. క్రాన్‌ట్యాబ్‌లో తేదీ 1-7, వారం 0 (అంటే ఆదివారం) అని రాశాను. 1వ తేదీ బుధవారం, తెల్లవారుజామున 2 గంటలకు రీస్టార్ట్ అయింది. గురువారం మళ్లీ. తేదీ, వారం రెండూ ఇస్తే ఏ ఒక్కటి కలిసినా జాబ్ నడుస్తుందని ఆ 5వ సెక్షన్‌లో స్పష్టంగా రాసి ఉంది. నేను చదివిన ఏ నోట్స్‌లోనూ ఆ ముక్క లేదు.

అపోహ: డంప్స్ (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీ పడితే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, అంటే రెడ్ హ్యాట్ అడ్మిన్ సర్టిఫికెట్ పరీక్ష, పాస్. వాస్తవం: అది మెషిన్ మీద పని చేసి చూపించే పరీక్ష. ఇంటర్నెట్ ఉండదు, మ్యాన్ పేజీలు ఉంటాయి. డంప్స్ ఎవరు పంపినా డిలీట్ చేసేయండి.

అపోహ: ల్యాబ్‌కి ఖర్చవుతుంది. వాస్తవం: రెడ్ హ్యాట్‌లాగే పనిచేసే ఆల్మాలినక్స్ ఉచితం. రెడ్ హ్యాట్ డాక్యుమెంటేషన్ చదవడానికీ పైసా కట్టక్కర్లేదు.

తెలుగు మీడియంలో చదివాం, ఆ ఇంగ్లిష్ అర్థం కాదని భయపడేవాళ్లకు: టెన్షన్ వద్దు. తిరిగి తిరిగి వచ్చేవి అవే మాటలు. ముందు కిందకెళ్లి ఉదాహరణలు చూడండి, ఒకటి కొట్టి చూడండి, తర్వాత పైనుంచి చదవండి. పది పేజీలు అయ్యేసరికి అలవాటైపోతుంది.

ఆ స్పైరల్ నోట్స్ తమ్ముడు ఇప్పుడు 'మ్యాన్ 5 ఎఫ్‌ఎస్‌ట్యాబ్' చదువుతున్నాడు, బూట్‌లో ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో రాసే ఫైల్ అది. ఆ ఫైల్లో ఆరో ఫీల్డ్‌లో రూట్‌కి (మెయిన్ డిస్క్ భాగానికి) 1, మిగతావాటికి 2 ఎందుకని నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగాడు.