షార్ట్ ఫిల్మ్ అపోహలు: కెమెరా సంగతి తర్వాత, ముందు మాట వినపడాలి

నెల్లూరులో ఉండి షార్ట్ ఫిల్మ్స్ తీస్తాను, వేరేవాళ్లవి ఎడిట్ చేస్తాను. కావలి, గూడూరు, కందుకూరు, ఒంగోలు నుంచి కుర్రాళ్లు ఫోన్ చేస్తుంటారు. పలకరింపు పూర్తికాకముందే అడిగేది ఒకటే: "అన్నా, ఏ కెమెరా అద్దెకు తీసుకోమంటావు?" మైకు గురించి అడిగేవాళ్లు ఉండరు. కొన్నాళ్లకు వాళ్లే హార్డ్ డిస్క్ పట్టుకుని వస్తారు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది, మాట వినపడదు. ఇంట్లో బతిమాలి తెచ్చుకున్న డబ్బు, స్నేహితులు సెలవు పెట్టి ఇచ్చిన రోజులు అన్నీ అక్కడే పోతాయి. ఆ మొహాలు చూడలేకే ఇది రాస్తున్నాను.

అపోహ: "సౌండ్ సంగతి ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు"

చూసుకోలేం. ఫ్యాను కింద కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఆ చప్పుడు మనకు పట్టదు, ఎందుకంటే మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది. మైకు దేన్నీ పక్కన పెట్టదు. ఫ్యాను, ఫ్రిజ్, పక్కింటి టీవీ, హైవే మీద లారీ, అన్నీ మాటతో కలిపి పట్టేస్తుంది. ఒకే తీరుగా సాగే హమ్ లాంటిదైతే సాఫ్ట్‌వేర్ కొంత తగ్గించగలదు. కానీ ఖాళీ గదిలో గోడలకు కొట్టుకుని వచ్చిన ప్రతిధ్వనినీ, డైలాగ్ మీదనే పడిన హారన్‌నూ గట్టిగా తీయబోతే మాటలోని 'స', 'శ' కూడా వాటితోపాటే పోతాయి. మిగిలేది నీళ్లలో మునిగి మాట్లాడినట్టుండే గొంతు. "ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, అన్నీ అదే చేసేస్తది" అని ఎవరో చెప్పింది నమ్మి షూటింగ్‌కు పోకండి. అలా చెప్పినవాళ్లెవరూ మీ ఎడిటింగ్ రోజున మీ పక్కన కూర్చోరు.

కెమెరా మీద ఉన్న మైకు ఎంత ఖరీదుదైనా అది ఉన్నది కెమెరా దగ్గర, నటుడి దగ్గర కాదు. మైకు దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ మాట 6 డెసిబెల్స్ దాకా పడిపోతుంది, చుట్టుపక్కల రొద మాత్రం అలాగే ఉంటుంది. అందుకే కెమెరా అద్దెలో కొంత తగ్గించుకుని చొక్కాకు తగిలించే కాలర్ మైకో, కర్రకు కట్టి నటుడి తల మీదుగా పట్టే చిన్న బూమ్ మైకో తీసుకోమని పోరుతుంటాను.

"పెద్ద సినిమాలన్నీ డబ్బింగే కదన్నా?" అంటారు. నిజమే, మనవాళ్లు ఎక్కువగా డబ్బింగే చేస్తారు. కానీ డబ్బింగ్ పెడితే షూటింగ్‌లో వచ్చిన శబ్దం మొత్తం తీసేస్తారు. పోయేది ఒక్క మాటే కాదు, అడుగుల చప్పుడు, గ్లాసు పెట్టిన చప్పుడు, తలుపు గడియ, చీర కదలిక అన్నీ పోతాయి. వాటన్నిటినీ మళ్లీ పుట్టించడానికి వాళ్లకు ఫోలీ ఆర్టిస్టులు, మిక్సింగ్ ఇంజనీర్లు, వారాల సమయం ఉంటాయి. మీకు ఉండేది ఒక లాప్‌టాప్, పరీక్షల మధ్య దొరికిన ఆదివారం.

మన యాస సంగతి ఇంకా ముఖ్యం. ఇందుకూరుపేట వైపు ఒక షార్ట్ ఫిల్మ్ తీశాం. అవ్వ పాత్రకు ఆ ఊరి అవ్వనే పెట్టుకున్నాం, ఎప్పుడూ కెమెరా ముందు నిలబడిన మనిషి కాదు. ఇంటి చుట్టూ రొయ్యల చెరువులు, సీనేమో రాత్రి. చీకటి పడగానే చెరువుల్లో నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు మొదలయ్యాయి. కాసేపు ఆపమని రైతును అడిగితే కుదరదన్నాడు. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారుజాముకు మరీ అడుగంటుతుంది, ఏరేటర్ ఆగితే రొయ్యలు తేలిపోతాయి. ఆయన ఏడాది కష్టమంతా ఆ నీళ్లలోనే ఉంది. "ఎండ మీద ఉన్నప్పుడు రాండబ్బా, కాసేపు ఆపుతా" అన్నాడు. మా వాళ్లు "ఈ చప్పుడులోనే షూట్ చేసేద్దాం, తర్వాత డబ్బింగ్ చెప్పిద్దాం" అన్నారు గానీ నేను ఒప్పుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి గదిని రాత్రి చేశాం. ఎదురుగా బోడిగోడకు కూడా రెండు బొంతలు వేలాడదీస్తే ప్రతిధ్వని తగ్గింది. బూమ్‌ను ఫ్రేముకు ఆనుకుని అవ్వ తల మీదుగా దించాం. స్క్రిప్టులో నేను రాసింది "ఇంత రాత్రివేళ ఎక్కడికి నాయనా?" అని. అవ్వ పళ్లెం కడుగుతూనే తల ఎత్తకుండా "యాడికబ్బయా ఈ పొద్దప్పుడు... కూడన్నా తినిపో" అంది. "పొద్దప్పుడు" దగ్గర పళ్లెం రాతికి తగిలింది, అక్కడ ఒక్క క్షణం ఆగి మిగతా మాట అంది. డబ్బింగ్ థియేటర్లో హెడ్‌ఫోన్స్ పెట్టి, తెర మీద పెదాలు చూసి చెప్పమంటే ఆ ఆగడం రాదు. నెల్లూరు మాట రాని డబ్బింగ్ ఆర్టిస్టుతో చెప్పిస్తే ఆ "అబ్బయా" కూడా రాదు.

కాబట్టి లొకేషన్ చూడటానికి పోయినప్పుడు, షూటింగ్ ఏ సమయానికో ఆ సమయానికే పోయి కళ్లు మూసుకుని నిలబడండి. వేదాయపాళెం వైపు ఇల్లయితే చెన్నై–విజయవాడ లైను మీద రైళ్లు ఎంతసేపటికొకటి పోతున్నాయో చూసుకోండి. మైపాడు బీచ్ అయితే మైకుకు బొచ్చు కవర్ లేకుండా దిగకండి, గాలి మాటను మింగేస్తుంది. ఫ్రిజ్ ఆపేసి బండి తాళం అందులో పెట్టండి, పోయేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. రికార్డర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే ఆటో గెయిన్ ఆపి, గట్టి మాటలు మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడానికే ఒక మనిషిని పెట్టండి, అతనికి వేరే పని చెప్పొద్దు. ప్రతి లొకేషన్‌లో అందర్నీ కదలకుండా నిలబెట్టి 30 సెకన్లు ఖాళీ గది శబ్దం రికార్డు చేయండి. కట్‌కూ కట్‌కూ మధ్య అతుకు కనపడకుండా చేసేది అదే. ఎంత చేసినా డబ్బింగ్ తప్పదనుకున్న సీన్‌కు కూడా గైడ్ ట్రాక్, అంటే డబ్బింగ్‌లో విని అనుసరించడానికి షూటింగ్‌లోనే రికార్డు చేసిన మాట, ఉండాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"ఫోన్‌తో తీస్తే సినిమా కాదు." అవుతుంది. కాకపోతే మామూలు కెమెరా యాప్‌తో తీస్తే ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు తీసే బొమ్మల లెక్క, మారుతూ ఉంటుంది, వేరే రికార్డర్ సౌండ్ కలిపినప్పుడు పెదాలకూ మాటకూ పొంతన తప్పుతుంది. మాన్యువల్ యాప్‌లో 25 ఫ్రేములకు లాక్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకే షట్టర్ 1/50 పెడితే ట్యూబ్‌లైట్ కింద ఫ్లికర్ (వెలుగు అదరడం) రాదు.

"పాట 10 సెకన్లలోపు వాడితే కాపీరైట్ రాదు." ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, 1957 కాపీరైట్ చట్టంలో సెకన్ల లెక్కే లేదు. పాట రాసినవాళ్ల హక్కు వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది, రికార్డింగ్ మీద హక్కు వేరే. అన్నమయ్య సాహిత్యం ఎవరైనా వాడుకోవచ్చు, కానీ దానికి 20వ శతాబ్దంలో కట్టిన బాణీ, మీరు డౌన్‌లోడ్ చేసిన ఆ రికార్డింగ్ అలా కాదు. ఊళ్లో హార్మోనియం వాయించే ఆయనతో కొత్త బాణీ కట్టించుకోండి, కాగితం మీద సంతకం తీసుకోండి.

"యూట్యూబ్‌లో పెట్టాలన్నా సెన్సార్ కావాలి." అక్కర్లేదు. థియేటర్లో జనానికి వేసేటప్పుడు 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్ కావాలి.

"అరగంట లేకపోతే ఫెస్టివల్‌కు తీసుకోరు." ఆస్కార్ వాళ్లు 40 నిమిషాలు దాటకూడదన్నారే గానీ ఇంత ఉండి తీరాలనలేదు. కథకు 7 నిమిషాలు చాలితే 7 నిమిషాలే తీయండి.

చివరిది, భయపడేవాళ్లను దోచుకునేది. "ఫెస్టివల్ అవార్డ్ ఉంటేనే ఇంట్లో నమ్ముతారు" అని ఊరూపేరూ తెలియని ఆన్‌లైన్ పోటీలకు డాలర్లలో ఎంట్రీ ఫీజులు కడుతున్నారు. ఇంట్లో మీ మీద ఉన్న ఒత్తిడి నాకు తెలుసు, నేనూ ఆ ఇంట్లోంచే వచ్చాను. అయినా నెలనెలా అవార్డులిచ్చి, సర్టిఫికెట్ మెయిల్‌లో పంపే చోట మీ సినిమా ఎవరూ చూడరు. మన దేశంలో ముంబై అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్ (మిఫ్), కేరళ డాక్యుమెంటరీ–షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ ఉన్నాయి, వాటి వెబ్‌సైట్లలో నియమాలు నేరుగా చదవండి. వేరే ఎక్కడ కట్టాలన్నా, పోయినేడు ఆ ఫెస్టివల్ ఏ హాల్లో, ఏ తేదీన సినిమాలు వేసిందో వెతకండి. హాలు పేరు దొరక్కపోతే ఆ డబ్బుతో మైకు అద్దెకు తీసుకోండి.