కొయోటీని కాల్చితే జింకలు పెరుగుతాయా?

మే నెలలో అమెరికాలోని దక్షిణ కరోలినా అడవిలో పుట్టిన జింకపిల్ల మొదటి కొన్ని వారాలు ఎక్కువసేపు గడ్డిలో కదలకుండా పడుకునే ఉంటుంది. ఒంటి నిండా తెల్ల మచ్చలు, వాసన చాలా తక్కువ. తల్లి వచ్చి పాలిచ్చి మళ్లీ దూరంగా వెళ్లిపోతుంది. ఇంత జాగ్రత్తగా దాచినా కొయోటీ పసిగడుతుంది. చూడ్డానికి మన గుంటనక్కకు పెద్దన్నలా ఉండే జంతువిది.

అక్కడ చాలామంది జింకల వేట కోసం భూమి కొంటారు, లేదా లీజుకు తీసుకుంటారు. చెట్టుకు కట్టిన కెమెరాలో జింకపిల్లలు తగ్గి కొయోటీలు కనబడ్డాయంటే టెన్షన్ మొదలు. రాత్రి ఊళలు వింటే పదో పన్నెండో ఉన్నాయనిపిస్తుంది. నిజానికి రెండు కొయోటీలే గొంతులు మార్చి మార్చి మందలా వినిపించగలవు. (డాలస్ శివార్లలో ఉండే మనవాళ్లలో కొందరు ఈ కచేరీ వినే ఉంటారు.) కనబడిన దాన్నల్లా కాల్చెయ్యమనే సలహా ఇక్కడే పుడుతుంది.

ఆ సలహాను గట్టిగా పరీక్షించిన చోటు దక్షిణ కరోలినాలోనే ఉన్న సవానా రివర్ సైట్. అణ్వాయుధాల కోసం ప్లుటోనియం తయారుచేసిన కేంద్రం అది, చుట్టూ పెద్ద అడవి. అమెరికా అటవీ శాఖ పరిశోధకుడు జాన్ కిల్గో బృందం అక్కడ జింకపిల్లలకు రేడియో కాలర్లు కట్టి చూస్తే, నూటికి 23 మాత్రమే బతికి బట్టకట్టాయి. తర్వాత 2010 నుంచి మూడేళ్లు, ఒక్కోటి 32 చదరపు కిలోమీటర్లున్న మూడు ప్రాంతాల్లో వృత్తిగా ఉచ్చులు వేసేవాళ్లను పెట్టి 474 కొయోటీలను తొలగించారు. మొదటి ఏడు బతికిన పిల్లలు నూటికి 51. హమ్మయ్య అనుకునేలోపే రెండో ఏడు 20, అంటే ఉచ్చులు వేయకముందు ఉన్న 23 కంటే కూడా తక్కువ. మూడో ఏడు 43.

కారణం కొయోటీల కాపురంలో ఉంది. ఒక జంట తన ఇలాకాను కాపాడుకుంటుంది. ఇలాకా లేని ఒంటరివి ఎన్నో ఊళ్లు పట్టుకు తిరుగుతుంటాయి. జంటను చంపితే ఆ ఖాళీలోకి ఇవి దిగుతాయి. పోటీ తగ్గి తిండి పెరిగితే పిల్లలూ ఎక్కువ బతుకుతాయి. ఏటా 75 శాతం చంపుతూ పోయినా పూర్తిగా తుడిచిపెట్టడానికి యాభై ఏళ్లకు పైనే పడుతుందని 1975లోనే ఒక లెక్క తేలింది. ఇక రెండు వందల ఎకరాల వేటగాడి సంగతి చెప్పేదేముంది? ఒక జంట ఇలాకాలో ఆ భూమి ఒక మూల మాత్రమే.

తమాషా ఏమిటంటే, దక్షిణ కరోలినాకు కొన్ని కొయోటీలను దొంగతనంగా తెచ్చి వదిలింది కుక్కలతో వేటాడే సరదా ఉన్న మనుషులే.

అలాగని కొయోటీలు వచ్చిన ప్రతిచోటా జింకలు తగ్గలేదు. ఆరు తూర్పు రాష్ట్రాల్లో 384 కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వేట లెక్కలు చూసిన 2019 నాటి అధ్యయనంలో అలాంటి తగ్గుదల కనబడలేదు. కాబట్టి వేటగాడు ముందు చూడాల్సింది తన భూమిలో ఆడ జింకల వెంట పిల్లలు ఎన్ని ఉన్నాయో. నిజంగా తగ్గితే, ఆడ జింకల మీద తుపాకీ ఎత్తడం తగ్గించమని కిల్గో బృందం చెప్పింది. మంచి మేత దొరికిన పెద్ద ఆడ జింక ఏటా సాధారణంగా కవలల్ని ఈనుతుంది. దాన్ని వదిలెయ్యడానికి ఉచ్చులూ అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు.