ఆర్వో పొర: ఆలోచన పుట్టిన నెల కోసం తగవు

పేటెంటు తగవుల్లో ఎవరైనా ‘మాకే ముందు తట్టింది’ అంటారు. నీటిలోని ఉప్పును వడగట్టే ఆర్వో పొర మీద అమెరికా కోర్టుల్లో నడిచిన కేసులో మాత్రం పేటెంటు చేతిలో ఉన్న కంపెనీయే ‘లేదు, మాకు తర్వాతే తట్టింది’ అని పట్టుబట్టింది. అలా ఎందుకు అనాల్సి వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఉప్పునీటిని మంచినీరుగా మార్చే పరిశోధనలకు అమెరికా ప్రభుత్వం 1952లో ప్రత్యేక చట్టం చేసి మరీ డబ్బు పెట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతీయుడైన శ్రీనివాస సౌరిరాజన్ సెల్యులోజ్ ఎసిటేట్ పొరను రూపొందించి, 1964లో పేటెంటు పొందారు. ఆ తర్వాతి పెద్ద మలుపు జాన్ కడాట్ది. ఆయన పద్ధతిలో, నీటిలో కరిగించిన ఒక రసాయనం, నూనెలాంటి ద్రావణిలో కరిగించిన మరో రసాయనం కలిసే చోట అతి పలుచని పాలిఅమైడ్ పొర ఏర్పడుతుంది. నల్గొండ పల్లెలోని నీళ్ల ప్లాంటులోనైనా, హైదరాబాద్ ఫ్లాటులోని వంటింట్లోనైనా నేడు ఎక్కువగా కనిపించేది ఈ కోవకు చెందిన పొరే.

కడాట్ మొదట మిడ్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. పొరల మీద అక్కడి పరిశోధనకు డబ్బు ప్రభుత్వానిది. ఆ డబ్బు కోసం చేసుకున్న ఒప్పందం కింద పుట్టిన ఆవిష్కరణల హక్కును సంస్థ ముందుగానే ప్రభుత్వానికి రాసిచ్చింది. తాను భాగస్వామిగా స్థాపించిన ఫిల్మ్‌టెక్ కంపెనీ కోసం 1978 జనవరిలో కడాట్ ఆ ఉద్యోగం వదిలారు. పేటెంటు దరఖాస్తు వేసింది 1979 ఫిబ్రవరిలో. ఆ తేదీపై ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా దానికి ముందరి నెలల మీదే. ఉద్యోగం వదిలిన మరుసటి నెలలో ఆలోచన వచ్చిందని కడాట్ చెప్పారు. పాత సంస్థలో ఉండగానే, 1977లోనే ఆ పొర తయారైందని ఫిల్మ్‌టెక్ దావా వేసిన ప్రత్యర్థి కంపెనీ అలైడ్ సిగ్నల్ వాదించింది. అదే నిజమైతే పేటెంటు ఫిల్మ్‌టెక్‌ది కాదు, ప్రభుత్వానిది.

1991లో ఫెడరల్ అప్పీలు కోర్టు, ఆ పొరను తయారు చేయకుండా అలైడ్ సిగ్నల్‌ను నిలువరిస్తూ కింది కోర్టు ఇచ్చిన ఉత్తర్వును కొట్టేసింది. మరుసటి ఏడాది హైడ్రానాటిక్స్ అనే మరో కంపెనీపై ఫిల్మ్‌టెక్ వేసిన కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. పొర ఎంత బాగా పనిచేస్తుందో అప్పటికి తెలియకపోయినా ఆవిష్కరణ పుట్టినట్టేనని, హక్కు అమెరికా ప్రభుత్వానిదేనని తేల్చింది. ప్రజల సొమ్ముతో పుట్టిన పొర ప్రజలకే దక్కాలన్నది నాకు న్యాయంగానే తోస్తుంది. కానీ ఆలోచన పుట్టిన క్షణాన్ని నోటు పుస్తకాల్లో వెతికి పట్టుకోవడం ఎవరికైనా కత్తి మీద సామే.

2013 మార్చి నుంచి అమెరికా కూడా, మన దేశంలో లాగే, ముందు దరఖాస్తు చేసినవారికే ప్రాధాన్యం ఇస్తోంది. అయినా ఫిల్మ్‌టెక్ ప్రశ్న దానితో తీరలేదు. ముందెవరు అన్నది దరఖాస్తు తేదీ చెబుతుంది కానీ, ఆవిష్కరణ ఎవరి సొత్తు అన్నది చెప్పదు. హెచ్ఐవీ పరీక్ష మీద స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, రోష్ కంపెనీ మధ్య నడిచిన కేసులోనూ హక్కును ముందే రాసిచ్చే ఇలాంటి షరతే కీలకమైంది. 2011లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని తేల్చినప్పుడు జస్టిస్ బ్రేయర్ తన అసమ్మతి తీర్పులో హక్కును ముందే రాసిస్తే ఆవిష్కరణ పుట్టగానే అది చేతులు మారుతుందన్న ఫిల్మ్‌టెక్ సూత్రాన్నే ప్రశ్నించారు.