హైడ్రాలిక్స్ ప్రొఫెసర్ ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

అపోహ: హైడ్రాలిక్స్, అంటే నీటి ప్రవాహాల శాస్త్రం, ఫార్ములాల సబ్జెక్టు, అంకెలు వేస్తే జవాబు వచ్చేస్తుంది.

వాస్తవం: వాగులోనో కాలువలోనో ఎంత నీరు పారుతుందో లెక్కగట్టే మానింగ్ ఫార్ములానే తీసుకోండి. వాలు కొలవచ్చు, లోతు కొలవచ్చు, గరుకుదనం చెప్పే 'ఎన్' విలువ మాత్రం వాగు గట్టున నిలబడి రాళ్లూ తుప్పలూ చూసి మనమే వేసుకోవాలి. నేను 0.030 అంటాను, పక్కనున్నాయన 0.035 అంటాడు, అంతే, అదే లోతుకి ప్రవాహం 14 శాతం తగ్గిపోతుంది. ఇద్దరిదీ తప్పని చెప్పలేం. అన్నట్టు, రాబర్ట్ మానింగ్ మొదట అకౌంటెంటు, ఇంజనీరింగ్ చదువుకోనేలేదు. ఈ మాట చెప్పాక క్లాసులో నిద్రపోయేవాళ్లు కూడా లేచి కూర్చుంటారు.

అపోహ: ల్యాబ్‌లో స్పిల్‌వే (డ్యాం నుంచి వరద నీటిని వదిలే దారి) మోడల్ అంటే బొమ్మ.

వాస్తవం: అసలు దాంట్లో 50వ వంతు సైజులో కడితే నీటి వేగం 50 రెట్లు తగ్గదు, 50కి వర్గమూలం, అంటే 7 రెట్లే తగ్గాలి. ప్రవాహమైతే దాదాపు 17,700 రెట్లు తగ్గాలి. రెండు చోట్లా ఫ్రూడ్ సంఖ్య, అంటే నీటి వేగాన్ని గురుత్వాకర్షణ ప్రభావంతో పోల్చే అంకె, ఒకటే ఉండాలి మరి. అసలులో గంటసేపు వచ్చే వరద ఇక్కడ ఎనిమిదిన్నర నిమిషాల్లో అయిపోతుంది. మట్టం ఒక్క మిల్లీమీటరు తప్పు చదివితే అక్కడ 5 సెంటీమీటర్లు తప్పినట్టే, అందుకే నీటిమట్టం కొలిచే పాయింట్ గేజ్ సూదిని మెల్లగా దించుతూ, నీళ్లలో దాని నీడ కొసా సూది కొసా కలిసే దాకా ఊపిరి బిగబట్టి చూస్తాం. ఒకసారి, అలల గోల లేకుండా మట్టం చదవడానికి మోడల్ పక్కన పెట్టే చిన్న బావిలో నీళ్లు అద్దంలా కదలకుండా ఉన్నాయని తెగ సంబరపడ్డాం. తీరా చూస్తే దాన్ని మోడల్‌తో కలిపే గొట్టం పూడుకుపోయింది! మూడు రోజుల రీడింగులు అక్షరాలా నీళ్లపాలు.

అపోహ: నీళ్ల గురించి తెలియాల్సిందంతా ఎప్పుడో తెలిసిపోయింది.

వాస్తవం: నీళ్ల సంగతి సరే, ఆ నీళ్లు మోసుకెళ్లే ఇసుక మాటేమిటి? ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కొడుకు హాన్స్ ఆల్బర్ట్ జీవితమంతా దీని మీదే పనిచేశాడు, 1947 నుంచి అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో హైడ్రాలిక్స్ ప్రొఫెసర్‌గా ఉన్నాడు. ఇసుక రేణువు ఎప్పుడు లేస్తుందో కచ్చితంగా చెప్పలేం, లేచే అవకాశం ఎంతో లెక్కగట్టాలి అన్నది ఆయన దారి. 1950లో ఆయన పద్ధతి అచ్చయింది. ఈ రోజుకీ ఒకే నదికి రెండు సూత్రాలు వాడితే వచ్చే ఇసుక లెక్కల్లో ఒకటి రెండోదానికి రెట్టింపో, అంతకంటే ఎక్కువో ఉండటం మాకు మామూలే.

అపోహ: కంప్యూటర్లు వచ్చాయి, ఇక ల్యాబ్ దేనికి?

వాస్తవం: ప్రవాహాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం కూడా ఆ 'ఎన్' ఎంతో మనల్నే అడుగుతుంది.